ఉక్కు అనే మాట

హౌరా–చెన్నై రైలుమార్గంలో ప్రయాణించేవారికి దువ్వాడ పేరు కొత్త కాదు. విశాఖపట్టణం స్టేషనులోకి వెళ్ళిన బండి తిరిగి సాగవలెనంటే ఇంజనును ఒక కొసనుంచి మరొక కొసకు మార్చవలసి ఉంటుంది. ఆ ఆలస్యం పనికిరాని బండ్లు కొన్ని నగరాన్ని తప్పించి, దువ్వాడలో ఆగి, తమ దారిన తాము పోతాయి. స్టేషనుకు చేరువలోనే ప్రత్యేక ఆర్థిక మండలం, కొంతదూరాన ఉక్కునగరం, చుట్టూ ఇంజనీరింగు కళాశాలలు. ఇక్కడ నలుగురు పెద్దమనుషులు కలిస్తే నేడు వినిపించే ప్రసంగాలు రెండే: కర్మాగారం ఏమవుతుంది? పిల్లవాణ్ణి ఏ చదువులో చేర్చవలె? మొదటి ప్రశ్న రాజకీయాలకూ, రెండవది కుటుంబానికీ సంబంధించినదని, వీటికి పరస్పర సంబంధం లేదని సాధారణంగా భావిస్తారు. ఉక్కు అనే మాట ఒక్కదాన్ని పట్టుకొని పోయినా ఈ రెండు ప్రశ్నలూ ఒకచోట కలుస్తాయి.

మొదటి ప్రశ్న చరిత్ర పాఠకులకు తెలిసినదే. 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అని రాష్ట్రమంతా నినదించినది. ఆ ఆందోళనలో 32 మంది ప్రాణాలు కోల్పోయినారు. 1971 జనవరి 20న ప్రధాని ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసినారు. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావుగారు కర్మాగారాన్ని జాతికి అంకితం చేసినారు. విశ్వనాథవారి ‘వేయిపడగలు’ను హిందీలోకి తెచ్చిన సాహిత్యవేత్త చేతిమీదుగా ఆ పని జరగడం ఒక ముచ్చట. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల సంఘం నూటికి నూరుపాళ్ళ పెట్టుబడి ఉపసంహరణకు సూత్రప్రాయంగా అంగీకరించినది. కార్మికులు వీధిలోకి వచ్చినారు. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ సహాయాన్ని ప్రకటించినది. ఈ లెక్కల మంచిచెడ్డలు తేల్చవలసినవారు ఆర్థికవేత్తలు. భాషావేత్త దృష్టి నిలిచేది ఆ నినాదం మీద.

నాలుగు మాటల నినాదమది. ‘విశాఖ’, ‘ఆంధ్ర’ శబ్దాలు సంస్కృతం. ‘హక్కు’ అరబ్బీలో పుట్టి పారశీక, ఉర్దూల మీదుగా తెలుగు కచేరీలలోకి, అక్కడనుంచి తెలుగు ఇళ్ళలోకి వచ్చినది. ‘ఉక్కు’ అచ్చమైన ద్రావిడపదం. ఈ మూడు కుదుళ్ళ మాటలను ఒక వాక్యంగా కుట్టిన దారం తెలుగు షష్ఠీ విభక్తి. ఆ ‘ల’ ఒక్కటి లేకపోతే వాక్యమే లేదు. ఆనాడు వీధిలో నడిచినవారెవరూ ఈ సంగతి ఆలోచించి ఉండరు. ఆలోచించవలసిన అవసరమూ లేదు. కాని ఒక జాతి తన కోపాన్ని వెళ్ళగ్రక్కిన క్షణంలో దాని నోట ఏ మాటలు వచ్చినవో చూస్తే, ఆ జాతి ఎవరెవరితో కలిసి బ్రతికినదో తెలిసిపోతుంది. శాసనాలలో ఆ జాబితా ఇంత పొందికగా దొరకదు.

ఇక రెండవ ప్రశ్న, చదువు. జాతీయ విద్యావిధానం 2020లో కళలకూ శాస్త్రాలకూ నడుమ గట్టి గోడలు ఉండరాదని వ్రాసుకొన్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2023–24 నుంచి డిగ్రీ చదువులో మూడు విషయాలకు బదులు ఒకే ప్రధానవిషయం అనే పద్ధతి వచ్చినది. పూర్వం చరిత్ర, అర్థశాస్త్రం, తెలుగు సాహిత్యం ముప్పేటగా చదివిన విద్యార్థి ఆ పద్ధతిలో ఒకదానిని ప్రధానంగా ఎన్నుకొనవలె, మరొకటి ఉపాంగం. గోడలు పడగొట్టుతామన్న విధానం క్రింద ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క గది కేటాయించడం విచిత్రమే. అట్లా ఒకే ద్వారం ఎన్నుకొనవలసి వచ్చినప్పుడు తల్లిదండ్రులు తెలుగు ద్వారం, చరిత్ర ద్వారం వైపు చూడకపోవడంలో ఆశ్చర్యం లేదు. వారిని నిందించడమూ న్యాయం కాదు; ఇల్లు గడవవలె గదా.

కాని ఆ నిర్ణయం వెనుక నిలిచిన ఒక నమ్మకాన్ని మాత్రం పరీక్షించవలసి ఉన్నది. శాస్త్రంలో నిరూపణ ఉంటుందని, సాహిత్యంలో, భాషలో, చరిత్రలో అభిప్రాయాలు మాత్రమే ఉంటాయని ఆ నమ్మకం. 1959లో సి.పి. స్నో కేంబ్రిడ్జిలో ‘రెండు సంస్కృతులు’ అనే ఉపన్యాసం ఇచ్చి, సాహిత్యజ్ఞులూ శాస్త్రజ్ఞులూ ఒకరి భాష ఒకరికి తెలియక బ్రతుకుతున్నారని వాపోయినాడు. ఆయన బాధ ఆ రెండు తెగలు మాట్లాడుకొనడం లేదని. మన సమాజంలో ఒక తెగకు అసలు మాట్లాడే అర్హతే లేదన్న భావం పాదుకొన్నది. ఇది సత్యమో కాదో తేల్చడానికి దూరదేశపు ఉదాహరణలు అక్కరలేదు. ఉక్కునగరం పేరులోని మొదటి మాట చాలు.

ఉక్కు అంటే ఏమిటి? ఇనుముకంటె గట్టి లోహం అంటాం. ఆ పేరు ఎందుకు వచ్చినది? ఎండాకాలంలో విశాఖ సముద్రపుగాలి స్తంభించిన నాడు చెమటలు కార్చినవాడు ‘ఉక్క’నుంచి ‘ఉక్కు’ వచ్చినదని చెప్పితే వినడానికి బాగానే ఉంటుంది. కొలిమి దగ్గర ఉక్కపోయదా? మన సాహిత్యసభలలో ఇట్టి వ్యుత్పత్తులకు చప్పట్లు కూడా పడుతుంటాయి. అవి చమత్కారాలే కాని, నిరూపణలు కావు.

నిరూపణ ఎట్లా ఉంటుందో చూడండి. తమిళంలో ఉక్కును ‘ఉరుక్కు’ అంటారు, మలయాళంలోనూ అంతే. పూర్వకన్నడంలో ‘ఉర్కు’, తరువాతి కన్నడంలో ‘ఉక్కు’. తెలుగులో ‘ఉక్కు’. తమిళ మలయాళాలలోని రెండవ అక్షరం ‘రు’, కన్నడంలో సగం మిగిలి, తెలుగులో పూర్తిగా మాయమైనదని ఊహ. కేవలం ఒక మాటకోసం చెప్పిన ఊహకు విలువ లేదు. ‘రు’ మాయమైనదని చెప్పితే, అట్టి స్థితిలోనే ఉన్న ఇతర పదాలలో కూడా అది మాయమై ఉండవలె. అట్లా అయినదా? తమిళంలో ‘ఎరుదు’, తెలుగులో ‘ఎద్దు’. తమిళంలో ‘మరుందు’, తెలుగులో ‘మందు’, కన్నడంలో ‘మద్దు’. తమిళంలో ‘పరుత్తి’, కన్నడంలో ‘హత్తి’, తెలుగులో ‘పత్తి’. అంతేకాదు, తెలుగులో ఈ చివరిదానికి ‘ప్రత్తి’ అనే గ్రాంథికరూపం నిలిచి ఉన్నది. పోతూ పోతూ దారిలో పట్టుబడిన దొంగవలె రేఫం అక్కడ కనిపిస్తున్నది. పొలంలోని ఎద్దు, చేనిలోని పత్తి, వైద్యుని మందు, కమ్మరి ఉక్కు — ఈ నాలుగింటికీ అర్థంలో ఏ సంబంధమూ లేదు. సంబంధం ధ్వనిలో ఉన్నది. నడిమి అచ్చు జారిపోయి, రేఫం ప్రక్క హల్లులో లీనమైనది. ఒక నియమం నాలుగు చోట్ల నిలిచినది. ‘ఉక్క’ కథ నిజమైతే తమిళ మలయాళాలలోని ‘రు’ ఎక్కడనుంచి ఊడిపడినదో చెప్పవలె. చెప్పలేదు కనుక ఆ కథ పోయినది.

భౌతికశాస్త్రజ్ఞుడు ప్రయోగశాలలో చేసేదీ ఇదే. ఒక ఊహ చేయడం, ఆ ఊహ నిజమైతే ఇంకా ఏమేమి కనిపించవలెనో ముందుగా చెప్పడం, వెళ్ళి చూడడం, కనిపించకపోతే ఊహను పారవేయడం. త్రాసు, ఉష్ణమాపకం లేనంతమాత్రాన పద్ధతి మారలేదు.

తమిళ ‘ఉరుక్కు’కు మరొక అర్థం ఉన్నది: కరిగించినది. ‘ఉరుగు’ అంటే అక్కడ కరగడం. తెలుగులో ఆ క్రియ ఆ అర్థంలో లేదు. మనకు ‘కరుగు’ ఉన్నది, ‘ఉరుకు’ అంటే మనకు పరుగెత్తడం. కనుక ఎంత గొప్ప తెలుగు పండితుడైనా తెలుగులోనే కూర్చొని ‘ఉక్కు’ అర్థాన్ని చెప్పలేడు. మన ఇంటి వస్తువుకు చీటీ పొరుగింట దొరికినది. ఆ చీటీమీద వ్రాసి ఉన్నది: ఉక్కు అంటే కరిగిన లోహం.

ఇక్కడ భాషాశాస్త్రం ఆగి, లోహశాస్త్రం అందుకొంటుంది. పూర్వం పల్లెలలో ఇనుము తీసిన పద్ధతిలో ఇనుము కరగదు. స్వచ్ఛమైన ఇనుము కరగడానికి 1538 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావలె. తిత్తులతో ఊదిన మట్టికొలిమి అంత వేడిని అందుకొనలేదు. రాయిలోని మలినాలు కరిగి చిట్టెంగా కారిపోతాయి. ఇనుము మెత్తని ముద్దగా మిగులుతుంది. దానిని సమ్మెటతో మోది, మిగిలిన చిట్టెం రాల్చి, కమ్మరి పనిముట్లు చేస్తాడు. ఉక్కు చేసేవాడి పద్ధతి వేరు. ఇనుపముక్కలను ఆకులు, కట్టెపుల్లలతో కూడ మట్టిమూసలో పెట్టి, మూత మెత్తి, గంటలతరబడి కాలుస్తాడు. కట్టెలోని కర్బనం ఇనుములోకి ఎక్కుతుంది. కర్బనం ఎక్కినకొద్దీ కరగడానికి కావలసిన వేడి తగ్గుతుంది. చివరకు మూసలో లోహం ద్రవమవుతుంది. మన పల్లెల పాతపద్ధతులలో ఇనుము జాతికి చెందినది కరిగి ద్రవమయ్యేది ఈ ఒక్క సందర్భంలోనే అని చెప్పవచ్చు. అందుచేత ‘కరిగినది’ అనే పేరు కవి పెట్టినది కాదు, పనివాడు పెట్టినది. లోహశాస్త్రజ్ఞులు మూసల పెంకులను సూక్ష్మదర్శిని క్రింద పెట్టి కనుగొన్న విషయాన్ని మాట ఎప్పటినుంచో మోస్తున్నది. రెండు సాక్ష్యాలు, ఒకదానితో ఒకటి కూడబలుక్కొనే అవకాశం లేని సాక్ష్యాలు, ఒకే మాట చెప్పుతున్నవి. న్యాయస్థానంలోనైనా ఇంతకంటె ఏమి కావలె?

ఈ ఉక్కు ఎంతదూరం పోయినదో చెప్పడానికి కూడా మాటే సాక్షి. 1795లో జార్జి పియర్సన్ అనే శాస్త్రజ్ఞుడు లండను రాయల్ సొసైటీకి బొంబాయినుంచి వచ్చిన ఒక ఉక్కును గురించి వ్యాసం సమర్పించినాడు; దాని పేరు ‘వూట్జ్’ అని వ్రాసినాడు. ఆ పేరు ఇంగ్లీషులో నేటికీ నిలిచి ఉన్నది. కన్నడ ‘ఉక్కు’ను ఇంగ్లీషువారు ‘వూక్’ అని వ్రాసుకొనగా, వ్రాతలోనో అచ్చులోనో దొర్లిన తప్పువల్ల అది ‘వూట్జ్’ అయినదని ‘హాబ్సన్ జాబ్సన్’ నిఘంటుకారులు 1886లో ఊహించినారు. అది కన్నడ ఉక్కా, తెలుగు ఉక్కా అని తగవులాడేవారు ఉన్నారు. మాట ఇద్దరిదీ ఒకటే అయినప్పుడు ఆ తగవు వ్యర్థం. కమ్మరికొడుకైన మైకేల్ ఫారడే ఈ ఉక్కును పరిశీలించి 1819లో తన ఫలితాలు ప్రకటించినాడు. దాని గుణాలకు కారణం అందులోని అల్యూమినియం వంటి ధాతువులని ఆయన భావించినాడు. అది పొరపాటు; కర్బనం ప్రాధాన్యం తరువాత తేలినది. 1998లో వెర్హోవెన్, పెండ్రే అనే అమెరికనులు డమాస్కస్ కత్తులమీది నీటిఅలలవంటి గీతలకు మూలం ఖనిజంలో అత్యల్పంగా ఉండే వెనేడియం వంటి మలినాలని చూపినారు. ఫారడే పొరపడినాడని శాస్త్రం చిన్నబోలేదు. అట్లాగే తెలుగు సంస్కృతంనుంచి పుట్టినదని ఒకప్పుడు పెద్దపండితులు నమ్మినంతమాత్రాన భాషాశాస్త్రం చిన్నబోనక్కరలేదు. దిద్దుకొనే ఏర్పాటు దానిలోనే ఉన్నది.

తెలంగాణలో, నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రం ఈ ఉక్కుకు పేరుపొందిన ఊరు. లాంబ్టన్ నడిపిన గొప్ప త్రికోణమితి సర్వేలో వైద్యుడుగా, భూగర్భశాస్త్రజ్ఞుడుగా పనిచేసిన వాయిసీ అక్కడి తయారీని చూచి వ్రాసిన వర్ణన, ఆయన పోయిన తరువాత 1832లో బెంగాలు ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయినది. వేర్వేరు చోట్లనుంచి వచ్చిన రెండు రకాల ఇనుమును కలిపి మూసలలో కరిగించేవారని, పారశీక వర్తకులు అక్కడికే వచ్చి కొనుక్కొనేవారని దానివల్ల తెలుస్తున్నది. కోస్తాలో కూడా నూజివీటి సమీపాన రమణక్కపేటలో ఇనుము తీయడాన్ని బెంజమిన్ హైన్ తన 1814 నాటి గ్రంథంలో వర్ణించినాడు. పారశీకులు మన ఉక్కు తీసుకొనిపోయినారు. వారి నోటిమీదుగా ‘హక్కు’ మనకు వచ్చినది. వర్తకంలో ఇచ్చిపుచ్చుకోలు సమంగానే జరిగినట్లున్నది!

2010లో బెంగుళూరు జాతీయ ఉన్నతాధ్యయన సంస్థ, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర తెలంగాణలో పాత ఇనుపకొలుముల జాడలను సర్వే చేసినవి. ఊరూరా చిట్టెపు దిబ్బలు, మూసల పెంకులు కనిపించినవి. పెంకును కోసి చూస్తే ఎంత వేడి తగిలినదో తెలుస్తుంది. ఏ ఖనిజం వాడినారో తెలుస్తుంది. ఎవరు ఊదినారో తెలియదు. వారు ఎవరికి మ్రొక్కి కొలిమి వెలిగించినారో అసలే తెలియదు. ఆ ప్రాంతపు చరిత్ర పరిశోధకులు ఎస్. జైకిషన్‌గారు ఈ వెలితిని కొంత పూరించినారు. ఇనుము కరిగించినవారు ‘మమ్మాయి’ అనే దేవతను కొలిచేవారని, ఆమె గుళ్ళు పాత కొలుముల తావులలో మిగిలి ఉన్నవని ఆయన గుర్తించినారు. రాతికి, నిప్పుకు, గాలికి నడుమ ఏ క్షణంలో ఏమి జరుగుతుందో పూర్తిగా వశం కాని పనిలో మనిషికి ఒక తల్లి కావలసి వచ్చినది. ఆ తల్లిని ప్రక్కకు తోసి కొలిమిని మాత్రమే పరిశీలించేవాడికి కొలిమి కూడా సగమే తెలుస్తుంది. ఏ రోజున వెలిగించరాదో, ఎవరు దగ్గరకు రారాదో, ఎవరి తరువాత ఎవరు ఊదవలెనో అన్న నియమాలన్నీ ఆ గుడిచుట్టూ అల్లుకొని ఉండేవి.

అది పాతకాలపు ముచ్చట అని త్రోసివేయడానికి లేదు. విశాఖ ఉక్కు కర్మాగారంలో మూడు బ్లాస్టు ఫర్నేసులు ఉన్నవి. మొదటిదానికి గోదావరి, రెండవదానికి కృష్ణ, మూడవదానికి అన్నపూర్ణ అని పేర్లు. వేయి డిగ్రీలకు పైబడి మండే నిప్పుగుండాలకు రెండు నదుల పేర్లు, అన్నం పెట్టే తల్లి పేరు పెట్టినవారు పూజారులు కారు, కవులు కారు; లోహశాస్త్రం చదివిన ఇంజనీర్లు, పరిపాలకులు. యంత్రానికి ఒకటి, రెండు, మూడు అని సంఖ్యలు సరిపోవా? సరిపోతాయి, అయినా పేరు పెట్టినారు. నీటిమీద, పంటమీద బ్రతికిన జాతి నిప్పుమీద బ్రతకడానికి సిద్ధపడినప్పుడు తన పాత తల్లుల పేర్లు వెంట తీసుకొనిపోయినది. కర్మాగారం ఉత్పత్తి నివేదికలు ఎన్ని తిరగవేసినా ఈ సంగతి అంకెలలో దొరకదు. ఒక సంస్కృతిని గురించి మానవీయ శాస్త్రాలు చెప్పగలిగేది ఇట్టిదే. ఇది అభిప్రాయం కాదు, గోడమీద వ్రాసి ఉన్న పేరు.

భాషల చుట్టరికాలను తేల్చిన చరిత్రలో కూడా శాస్త్రపద్ధతి మొదటినుంచీ ఉన్నది. 1816లో కాంబెల్ దొర తెలుగు వ్యాకరణానికి పీఠిక వ్రాస్తూ మదరాసు కలెక్టరు ఎల్లిస్, తెలుగు, తమిళ, కన్నడాలు ఒక ప్రత్యేక కుటుంబమని, సంస్కృతంనుంచి పుట్టినవి కావని వాదించినాడు. కాల్డ్వెల్ గ్రంథం వచ్చినది 1856లో. అంటే నలభై ఏండ్లు ముందు. ఎల్లిస్‌కు ఆధారాలు ఇచ్చినవారు మన పండితులు: కోట కళాశాలలోని పట్టాభిరామశాస్త్రి, ‘ఆంధ్రదీపిక’ కర్త బందరు మామిడి వెంకయ్య. మన వైయాకరణులు తత్సమం, తద్భవం, దేశ్యం అని పదాలను ఏనాడో వేరుచేసి పెట్టినారు. ఆ దేశ్యాల గంపను ఎల్లిస్ ప్రక్క ఇళ్ళ గంపలతో పోల్చినాడు. వర్గీకరణ మనది, పోలిక ఆయనది. రెండూ కలిస్తే శాస్త్రమైనది. పేరు మాత్రం చాలాకాలం ఎవరికీ రాలేదు, అది వేరు కథ.

ఈ శాస్త్రాన్ని తెలుగువారిలో శిఖరానికి చేర్చిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు వాల్తేరులో చదివి, అక్కడే ఉపన్యాసకులుగా పనిచేసినవారు. 1961లో కాలిఫోర్నియాలో అచ్చయిన ఆయన గ్రంథం తెలుగు ధాతువులను ధ్వనినియమాలకు లోబరచి చూపినది. ఆ యేడే బరో, ఎమెనో పండితుల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు వెలువడినది. పైన చూపిన ఉక్కు, ఎద్దు, పత్తి, మందులవంటి బంధువర్గాలన్నీ దానిలో కూర్చి ఉన్నవి. 2018లో విష్ణుప్రియ కొలిపాకంగారూ సహపరిశోధకులూ ఇరవై ద్రావిడ భాషల పదాలను గణకయంత్రానికి ఇచ్చి, జీవశాస్త్రజ్ఞులు ప్రాణుల వంశవృక్షాలు గీసే గణితంతోనే ఈ భాషల వంశవృక్షం గీసినారు. కుటుంబం వయస్సు సుమారు 4,500 ఏండ్లని తేలినది. పత్రికలు దీనిని గణకయంత్రం విజయంగా వ్రాసినవి. ఏ పదం ఏ పదానికి చుట్టమో యంత్రం కనుగొనలేదు. ఆ నిర్ణయం భాషావేత్తలది. గింజలు లేనిదే తిరుగలి ఏమి విసురుతుంది?

అయితే రెండు విద్యలూ అన్నివిధాలా ఒకటే అనడం కూడా అతిశయోక్తి. వెర్హోవెన్ డమాస్కస్ ఉక్కును తిరిగి చేసి చూపగలిగినాడు. ‘ఉరుక్కు’ ‘ఉక్కు’ అయిన యేడును ఎవరూ తిరిగి జరిపించలేరు. మమ్మాయికి మ్రొక్కినవాడి మనస్సులో ఏమి ఉన్నదో పెంకును కోసినట్లు కోసి చూడలేము. మనమూ మ్రొక్కులు తెలిసిన మనుషులం కనుక ఊహిస్తాము. ఆ ఊహకు హద్దులు పెట్టుకొనడమే మానవీయ శాస్త్రాలలో కష్టమైన భాగం. మనవారు ఆ కష్టం పడడంలో వెనుకబడినారని కూడా ఒప్పుకొనవలె. 2008లో తెలుగుకు ప్రాచీనభాష హోదా వచ్చినప్పుడు ఊరేగింపులు జరిగినవి. ఆ హోదాకు ఆధారమైనవి ఊరేగింపులు కావు, అమరావతిలో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు చూపిన ‘నాగబు’ వంటి శబ్దాలు, కలమళ్ళ వంటి రేనాటి చోళ శాసనాలు. శాసనలిపి చదవగల విద్యార్థులను తయారు చేయకుండా భాష ప్రాచీనమని చాటుకొనడం పొలం దున్నకుండా పంట లెక్క వ్రాసుకొనడమే. తెలుగుశాఖలపట్ల ప్రజలకు గౌరవం తగ్గడంలో తెలుగుశాఖల పాలు కొంత లేకపోలేదు. పద్యాన్ని పొగడడమే పాఠమనుకొన్న తరగతిగదిలో ‘ఇది ఎట్లా తెలిసినది?’ అన్న ప్రశ్న వినబడదు.

1926లో ఏర్పడిన విశ్వవిద్యాలయానికి మన పెద్దలు ‘ఆంధ్ర విశ్వకళాపరిషత్తు’ అని పేరు పెట్టినారు. భౌతిక, రసాయనశాస్త్రాలు ఆ ‘కళ’లోనివే. మొదటి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు ‘కవిత్వతత్త్వ విచారం’ వ్రాసినారు, ‘అర్థశాస్త్రం’ వ్రాసినారు. రెంటికీ ఒక్క కలమే వాడినారు. నూరేండ్లు నిండిన వేళ ఆ పేరులోని అర్థాన్ని ఒకసారి చదువుకొనడం అప్రస్తుతం కాదు.

ఇక చేయవలసిన పని సంగతి. కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ‘మాండలిక వృత్తిపదకోశం’ మొదటి సంపుటాన్ని వ్యవసాయపదాలతో వెలువరించినది. 1971లో చేనేత సంపుటం వచ్చినది. పరిశోధకులు జిల్లాలన్నీ తిరిగి, రైతులను, నేతగాండ్రను అడిగి, ఏ మాట ఏ ఊళ్ళో ఎట్లా పలుకుతారో వ్రాసుకొన్నారు. ఒకచోట నాట్లు, మరొకచోట ఊడ్పులు, శ్రీకాకుళం విజయనగరాల వైపు ఉభాలు — ఇట్టి భేదాలను పటంమీద గుర్తించి, తెలుగుదేశాన్ని నాలుగు భాషామండలాలుగా విభజించినారు. విశాఖ, శ్రీకాకుళాలు తూర్పు మండలం. ఆ సంపుటం వచ్చిన తొమ్మిదేండ్లకు దువ్వాడ దక్షిణాన కర్మాగారానికి శంకుస్థాపన జరిగినది. అరవైకి పైగా పల్లెలు లేచిపోయినవి; వేలాది కుటుంబాలు అగనంపూడి, పెదగంట్యాడ వంటి నిర్వాసిత కాలనీలకు చేరినవి. పొలంతోపాటు పొలం పేర్లు పోయినవి. చెరువుతోపాటు తూము మాటలు, మదుము మాటలు పోయినవి. పరిహారపు పట్టీలలో ఎకరాలు, చెట్లు లెక్కించినారు. మాటలు లెక్కించే గడి ఆ పట్టీలో లేదు.

ఆ పల్లెల పిల్లలు కొందరు కర్మాగారంలో చేరి, మరొక భాష నేర్చినారు. 1990లో గోదావరి ఫర్నేసు వెలిగించిన నాడు పనిలో ఉన్నవారు దాదాపు అందరూ విరమించినారు. దుక్కి మాటలు తాతవద్ద, ఫర్నేసు మాటలు తోటి కార్మికులవద్ద నేర్చిన మనుషులు వారు. ఒక వ్యవసాయ సంపుటమూ, ఒక ఉక్కు సంపుటమూ వారి నోట ప్రక్కప్రక్కనే ఉన్నవి. రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులు సమాజసేవా ప్రాజెక్టు చేయడం నిబంధన. తెలుగు చదివే ఒక విద్యార్థినీ, లోహశాస్త్రం చదివే ఒక విద్యార్థినీ జతచేసి ఆ కాలనీలకు పంపడానికి ఏ కొత్త చట్టమూ అక్కరలేదు. మొదటి ప్రశ్నగా చిట్టెం గురించి అడగవచ్చు. కర్మాగారంలో దానిని స్లాగు అంటారు. ఆ స్లాగుకు పాత పేరు తెలిసినవాడు అగనంపూడిలో ఇంకా ఒకడైనా మిగిలినాడో లేదో కనుగొనడానికి ఒక మధ్యాహ్నం చాలు.